సీటీసీలో అసెంబ్లింగ్: షాపు పనితనం ఫ్రంట్ ప్యానెల్ వైర్ల దగ్గరే తెలుస్తుంది

కంప్యూటర్ అసెంబుల్ చేసే షాపులో పని ఎలా ఉందో తెలియాలంటే ప్రాసెసర్ పెట్టేటప్పుడు చూసి లాభం లేదు. ప్రాసెసర్ సరైన దిక్కున పెడితేనే కూర్చుంటుంది. ర్యామ్‌ను తిరగేస్తే గాడిలో పడదు. గ్రాఫిక్స్ కార్డుకు ఉన్నది ఒకటే చోటు. చూడాల్సింది క్యాబినెట్ ముందు భాగం నుంచి వచ్చే సన్న వైర్లను. పవర్ స్విచ్, రీసెట్, రెండు ఎల్‌ఈడీలు, యూఎస్‌బీ, ఆడియో. వీటిని మదర్‌బోర్డుకు ఎలా కలుపుతున్నాడో ఒక్క ఐదు నిమిషాలు చూస్తే ఆ టెక్నీషియన్‌కు పని వచ్చో రాదో తెలిసిపోతుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది కదా, అందరూ సీటీసీ అంటారు, అందులో పై అంతస్తులో ఉన్న ఈ చిన్న షాపు ఆ పరీక్షలో మంచి మార్కులతో పాసైంది. ఐదుకు నాలుగు ఇస్తున్నాను. ఒకటి ఎందుకు తగ్గించానో కూడా రాస్తాను.

నేను హనుమకొండలో ఒక పాలిటెక్నిక్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. ల్యాబ్‌లో పిల్లలు నా దగ్గరికి తెచ్చే కంప్లయింట్లు చాలావరకు ఒకే రకం. "సార్, ముందు పెన్‌డ్రైవ్ తీసుకోవట్లేదు." "సార్, హెడ్‌ఫోన్‌లో సౌండ్ రావట్లేదు." "సార్, బటన్ నొక్కితే ఆన్ అయ్యి వెంటనే ఆగిపోతోంది." లోపల బోర్డు బాగుంటుంది, ప్రాసెసర్ బాగుంటుంది, హార్డ్ డిస్క్ బాగుంటుంది. మూత తీసి చూస్తే ముందు వైర్ల దగ్గరే ఏదో ఒకటి వదులుగానో తప్పుగానో ఉంటుంది. ఇంకోచోట కొన్న కొన్ని సిస్టమ్‌లకు అయితే ముందు యూఎస్‌బీ వైరు అసలు పెట్టకుండా చుట్టచుట్టి ట్యాగ్‌తో కట్టేసి పంపారు. కొన్నవాడు వెనకాల పోర్టులు వాడుకుంటాడులే అనుకున్నట్టున్నారు. అందుకే ఈ వైర్ల విషయంలో నాకు అంత పట్టింపు.

ఈసారి కొన్నది ల్యాబ్‌కు కాదు, మా అక్క కూతురికి. ఇంజినీరింగ్ చదువుతోంది, వీడియో ఎడిటింగ్ కూడా నేర్చుకుంటోంది. లాప్‌టాప్ వద్దు, డెస్క్‌టాప్ కావాలంది. పైగా తన చేత్తో తానే బిగించుకుంటానంది. కాజీపేటలో పొద్దున రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగాం. సికింద్రాబాద్ ఈస్ట్‌లో మెట్రో ఎక్కితే రెండో స్టేషనే ప్యారడైజ్. అక్కడి నుంచి పార్క్‌లేన్‌కు నడిచి వెళ్లొచ్చు. సామాన్లతో తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ఆటో మాట్లాడుకోండి. క్యాబినెట్ డబ్బా పట్టుకుని మెట్రో మెట్లెక్కడం కష్టం.

సీటీసీలో చాలా షాపులు కస్టమర్‌ను కౌంటర్ ఇవతలే నిలబెడతాయి. లోపల ఏం చేస్తున్నారో కనపడదు, గంట తర్వాత రమ్మంటారు. ఇక్కడ అసెంబ్లింగ్ టేబుల్ కౌంటర్ పక్కనే ఉంది. మా అమ్మాయి తానే పెడతానంటే ఓనర్ ఒక్క క్షణం ఆలోచించి, "సరే అమ్మా, కానీ మా పిల్లగాడు పక్కనే ఉంటాడు. ఏదైనా విరిగితే వారంటీ రాదు, ముందే చెబుతున్నా" అన్నాడు. నాకు ఆ మాట నచ్చింది. మొహమాటం లేకుండా ముందే చెప్పడం మంచిది.

అసలు సేవ కొనకముందే మొదలైంది. ముందు వైపు అద్దం, చుట్టూ లైట్లు, ముందు భాగంలో టైప్-సి పోర్టు ఉన్న ఒక క్యాబినెట్ దగ్గర మా అమ్మాయి ఆగింది. ఇక్కడ పనిచేసే కుర్రాడు మేం ఎంచుకున్న బోర్డు డబ్బా తిప్పి చూసి, "అక్కా, ఈ క్యాబినెట్ తీసుకోకండి. ముందు టైప్-సి పోర్టుకు బోర్డు మీద ప్రత్యేకంగా ఒక సాకెట్ ఉండాలి, మీ బోర్డుకు లేదు. పోర్టు ఊరికే ఉంటుంది, దానికి మీరు డబ్బులు కడతారు" అన్నాడు. ఇది చాలామందికి తెలియదు. ముందు టైప్-సి వైరు మామూలు యూఎస్‌బీ 3 సాకెట్‌లో పట్టదు. దానికి చిన్నగా, లోహపు అంచుతో ఉండే వేరే సాకెట్ ఉంటుంది, తక్కువ ధర బోర్డుల్లో చాలావాటికి అది ఇవ్వరు. ఎక్కువ ధర క్యాబినెట్ అమ్ముకునే అవకాశం వదులుకుని ఆ కుర్రాడు ఆ మాట చెప్పాడు. నేను ఇచ్చిన నాలుగు మార్కుల్లో ఒకటి ఆ మాటకే.

చివరికి ముందు వైపు జాలీ ఉన్న మైక్రో ఏటీఎక్స్ (చిన్న సైజు) క్యాబినెట్ తీసుకున్నాం. ముందు రెండు యూఎస్‌బీ 2 పోర్టులు, ఒక యూఎస్‌బీ 3, హెడ్‌ఫోన్, మైక్. బోర్డు ఎంఎస్ఐ కంపెనీది, 244 మిల్లీమీటర్ల చదరం.

ఇక పని. ముందుగా క్యాబినెట్‌ను టేబుల్ మీద పక్కకు పడుకోబెట్టాడు. బోర్డు బిగించాక కూడా నిలబెట్టలేదు. దీనివల్ల బోర్డు మీద అక్షరాలు తిన్నగా కనిపిస్తాయి, చెయ్యి పైనుంచి దిగుతుంది, వైరు జారినా బోర్డు మీదే పడుతుంది. నిలబెట్టిన క్యాబినెట్‌లో తల దూర్చి, సెల్‌ఫోన్ లైటు నోట్లో కరుచుకుని వైర్లు పెట్టేవాళ్లను చాలామందిని చూశాను. గ్రాఫిక్స్ కార్డు కూడా ఇంకా డబ్బాలోనే ఉంచాడు. ఫ్రంట్ ప్యానెల్, యూఎస్‌బీ 2, ఆడియో సాకెట్లన్నీ సాధారణంగా బోర్డు కింది అంచున ఉంటాయి. కార్డు ముందే పెడితే వాటి మీదకు వచ్చేస్తుంది, వేలు పట్టదు. చిన్న విషయమే కానీ, ఏది ముందు ఏది తర్వాత అన్న వరుస తెలిసినవాడే ఇలా చేస్తాడు.

తర్వాత మాన్యువల్ తెరిపించాడు. మా అమ్మాయి నేరుగా వైరు పట్టుకోబోతే ఆపాడు.

"అక్కా, ముందు బోర్డు మీద రాసింది చదవండి. వైరు తర్వాత పట్టుకోవచ్చు."

ఎంఎస్ఐ బోర్డుల మీద ఫ్రంట్ ప్యానెల్ సాకెట్‌కు జేఎఫ్‌పీ1 అని రాసి ఉంటుంది. గిగాబైట్ వాళ్లు ఎఫ్-ప్యానెల్ అంటారు, ఏఎస్‌రాక్ వాళ్లు ప్యానెల్1 అంటారు. పేరు ఏదైనా, ఇవాళ వచ్చే బోర్డుల్లో చాలావాటికి లోపలి అమరిక ఒకటే, ఇంటెల్ తన డిజైన్ గైడ్‌లో ఇచ్చిన వరుస. రెండు వరుసలు, 9 పిన్నులు, పదోది ఉండాల్సిన చోట ఖాళీ. ఒక వరుసలో 1, 3 పిన్నులు హార్డ్ డిస్క్ లైటుకు, 5, 7 రీసెట్‌కు. రెండో వరుసలో 2, 4 పవర్ లైటుకు, 6, 8 పవర్ స్విచ్‌కు. తొమ్మిదోదాన్ని ముట్టుకోనక్కర్లేదు. ఈ నాలుగు ముక్కలు గుర్తుంటే చాలా బోర్డులకు మాన్యువల్ లేకపోయినా వైర్లు పెట్టొచ్చు. ఖాళీ పిన్ను ఎటు ఉందో చూసి, ఆ మూలను పదో నంబరు అనుకుని వెనక్కి లెక్కపెట్టుకోవడమే. అయితే కొన్ని బోర్డుల్లో స్పీకర్ పిన్నులు కూడా కలిపి ఇంకా పొడుగ్గా ఇస్తారు, వాటికి మాన్యువల్ చూడాల్సిందే.

ఖాళీ పిన్ను గురించి ఆ కుర్రాడు చెప్పిన ఇంకో మాట నేను ల్యాబ్‌లో పిల్లలకు చెప్పడం మొదలుపెట్టాను. బోర్డు కింది అంచున ఒకే రకంగా కనిపించే రెండు వరుసల సాకెట్లు చాలా ఉంటాయి. ఆడియోకు ఎనిమిదో పిన్ను ఉండదు. యూఎస్‌బీ 2కు తొమ్మిదోది ఉండదు. ఫ్రంట్ ప్యానెల్‌కు పదోది ఉండదు. పాత పద్ధతి కామ్ పోర్టు (సీరియల్ పోర్టు) సాకెట్ కూడా కొన్ని బోర్డుల మీద ఉంటుంది, దానికీ పదోదే ఉండదు. అంటే ఆకారం చూస్తే ఫ్రంట్ ప్యానెల్‌కు, కామ్ పోర్టుకు తేడా తెలియదు. అందుకే ముందు అక్షరాలు చదవమన్నాడు. అతని మాటలో ఎంత అర్థముందో అప్పుడు మా అమ్మాయికీ తెలిసింది.

ఇక వైర్లు. మా క్యాబినెట్‌కు ఐదు చిన్న జాక్‌లు వచ్చాయి. పవర్ స్విచ్, రీసెట్ స్విచ్, హార్డ్ డిస్క్ లైటు – ఇవి రెండేసి రంధ్రాలవి. పవర్ లైటుకు మాత్రం ప్లస్ ఒకటి, మైనస్ ఒకటి విడివిడిగా ఒంటి రంధ్రంతో. మా అమ్మాయి అడిగింది.

"మామయ్యా, స్విచ్‌కు ప్లస్ ఏది, మైనస్ ఏది?"

"తమ్ముణ్నే అడుగు బిడ్డా, ఆయన చెబుతాడు" అన్నాను.

ఆ కుర్రాడు జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాడు. వైరు పెట్టకుండానే కరెంటు ఇచ్చి, స్క్రూడ్రైవర్ మొనతో 6, 8 పిన్నులను ఒక్క క్షణం తాకించాడు. ఫ్యాను తిరిగింది. "చూశారా అక్కా, స్విచ్ చేసే పని ఇంతే. రెండు పిన్నులను కలిపి వదిలేస్తుంది. దానికి ప్లస్ మైనస్ లేదు, ఎటు పెట్టినా ఒకటే. లైట్లకే ప్లస్ మైనస్ చూడాలి. అది కూడా తిరగేస్తే కాలిపోదు, వెలగదు, అంతే."

నేను క్లాసులో చాలాసేపు చెప్పే విషయం అది. నొక్కినప్పుడు బోర్డు ఆ తాకిడిని గమనించి, 24 పిన్నుల కేబుల్ ద్వారా ఎస్‌ఎంపీఎస్‌కు, అంటే కరెంటు ఇచ్చే పవర్ సప్లై డబ్బాకు, ఆన్ కమ్మని చెబుతుంది. రంగు వైర్లు ఉన్న ఎస్‌ఎంపీఎస్‌లో ఆకుపచ్చ వైరు ఆ పనికే ఉంది. కాబట్టి బటన్‌లో పెద్ద కరెంటేమీ ప్రవహించదు. పైగా బోర్డు ఆన్ అవుతుందో లేదో కూడా ఆ స్క్రూడ్రైవర్ పరీక్షతో తేలిపోయింది. ఇక ముందు ఆన్ కాకపోతే తప్పు బటన్‌దో వైరుదో అని అనుమానపడొచ్చు, బోర్డును తప్పుపట్టనక్కర్లేదు. ఇంట్లో ఇలా చేయాలనుకునేవాళ్లు ఆ రెండు పిన్నులేవో మాన్యువల్‌లో రెండుసార్లు చూసుకుని చేయండి. పక్క పిన్నులను తాకించకండి.

తర్వాత కరెంటు తీసేసి అతను చేసిన పని నేను ఇంతవరకు ఏ షాపులోనూ చూడలేదు. ఐదు జాక్‌లను బోర్డుకు బయటే, టేబుల్ మీద, బోర్డు మీద ఉండాల్సిన వరుసలోనే పక్కపక్కన పేర్పించాడు. కింద హార్డ్ డిస్క్ లైటు, రీసెట్. పైన పవర్ లైటు ప్లస్, మైనస్, పవర్ స్విచ్. అక్షరాలన్నీ బయటివైపుకు. జాక్‌ల మీద ఒక పక్క చిన్న త్రికోణం గుర్తు ఉంటుంది, లైట్లకు అది ప్లస్ వైపు. తెల్ల వైరో నల్ల వైరో ఉంటే అది సాధారణంగా మైనస్. అన్నీ సరిచూసుకున్నాక మొత్తానికి సన్నగా కోసిన ఇన్సులేషన్ టేపు ఒక చుట్టు చుట్టించాడు. ఐదు ముక్కలు కలిసి ఒకే జాక్ అయ్యాయి. ఆ జాక్‌ను మా అమ్మాయి రెండు వేళ్లతో పట్టుకుని నిటారుగా దించింది. టక్కున కూర్చుంది.

ఈ టేపు చుట్టు చూడటానికి చాలా మామూలుగా ఉంటుంది, కానీ దాని విలువ తర్వాత తెలుస్తుంది. రేపు బోర్డు తీసి దులపాలన్నా, మార్చాలన్నా జాక్ మొత్తం ఒక్కసారిగా ఊడివస్తుంది, ఒక్కసారిగా మళ్లీ కూర్చుంటుంది. ఏ వైరు ఎక్కడిదో వెతుక్కునే టెన్షన్ లేదు. ఏసస్ వాళ్లు కొన్ని బోర్డులతో క్యూ-కనెక్టర్ అని ఒక చిన్న ప్లాస్టిక్ ముక్క ఇచ్చేది సరిగ్గా ఈ పనికే. వైర్లు బయటే దానికి గుచ్చి, దాన్ని బోర్డుకు గుచ్చడం. ఎన్‌జెడ్‌ఎక్స్‌టీ హెచ్510 లాంటి క్యాబినెట్లలో అయితే కంపెనీయే అన్నీ కలిపి ఒకే జాక్ చేసి ఇచ్చింది. అలాంటి క్యాబినెట్లకు ధర ఎక్కువ. మామూలు ధర క్యాబినెట్‌కు అదే సౌకర్యం టేపు ముక్కతో ఇచ్చిన ఈ కుర్రాడి తెలివికి నేను నిజంగా సంతోషించాను.

రీసెట్ విషయంలో ఒక మెలిక ఉంది. లైట్లున్న క్యాబినెట్లు చాలావాటిలో రీసెట్ బటన్ వైరును లైట్ల కంట్రోలర్‌కు పెడతారు, బటన్ నొక్కితే రంగులు మారతాయి. కంప్యూటర్ బిగుసుకుపోయినప్పుడు రీసెట్ నొక్కితే రంగు మారుతుంది తప్ప ఏమీ జరగదు. మా క్యాబినెట్‌లోనూ ముందు ఫ్యాన్లకు లైట్లున్నాయి. "రీసెట్ కావాలా, లైట్ల బటన్ కావాలా?" అని ముందే అడిగాడు. మా అమ్మాయి రీసెట్ అంది. ఆ వైరును కంట్రోలర్ నుంచి తీసి బోర్డుకు తెచ్చాడు. ఇలా అడిగే షాపు నాకు ఇంతకుముందు తగల్లేదు.

యూఎస్‌బీ 2 వైరు వేగంగా అయిపోయింది. ఒకటే జాక్, తొమ్మిదో రంధ్రం మూసి ఉంది, తప్పు పెట్టే అవకాశం తక్కువ. పాత క్యాబినెట్లలో మాత్రం ఇది పెద్ద ప్రమాదం. అందులో ఒక్కో వైరు విడిగా వచ్చేది. ఎరుపులో ఐదు వోల్టుల కరెంటు, తెలుపు, ఆకుపచ్చల్లో డేటా, నలుపు గ్రౌండ్. ఎరుపు ఒక పిన్ను పక్కకు జరిగితే పెన్‌డ్రైవ్‌లు కాలిపోతాయి. మీ ఇంట్లో అలాంటి పాత క్యాబినెట్ ఉంటే, దాన్ని కొత్త బోర్డుకు వాడాలనుకుంటే, ముందు యూఎస్‌బీ వైర్లు అలా విడివిడిగా ఉన్నాయేమో చూడండి. ఉంటే ఆ పోర్టును వదిలేయడమే మంచిది.

ఆడియో వైరు దగ్గర ఈ కుర్రాడి పనితనం మళ్లీ కనిపించింది. ఆడియో సాకెట్ సాధారణంగా బోర్డుకు వెనక పోర్టులుండే పక్క, కింది మూలన ఉంటుంది. క్యాబినెట్ ముందు నుంచి అక్కడికి బోర్డు మొత్తం దాటుకుని రావాలి. చౌక క్యాబినెట్లలో వైరు పొట్టిగా ఇస్తారు. బోర్డు మీదుగా అడ్డంగా లాగి పెట్టేవాళ్లే ఎక్కువ. అది ఫ్యాన్‌కు తగులుతుంది, చూడ్డానికీ బాగోదు. ఇతను బోర్డు బిగించకముందే ఆ వైరును వెనకవైపు నుంచి తెచ్చి కింది మూల రంధ్రంలోంచి పైకి లాగి పెట్టుకున్నాడు. బోర్డు వచ్చాక ఆ రంధ్రం పక్కనే సాకెట్ ఉంది. వైరు ఒక అంగుళం కూడా కనపడదు.

మా వైరుకు ఒకే జాక్, హెచ్‌డీ ఆడియో అని రాసి ఉంది. పాత క్యాబినెట్లలో అదే వైరుకు రెండు జాక్‌లుంటాయి, ఒకటి ఏసీ97, ఒకటి హెచ్‌డీ ఆడియో. ఏసీ97 పేరులోనే ఉన్నట్టు 1997 నాటి పద్ధతి. దాని స్థానంలో ఇంటెల్ 2004లో హెచ్‌డీ ఆడియో తెచ్చింది. ఇవాళ్టి బోర్డులకు హెచ్‌డీ జాకే పెట్టాలి. మా ల్యాబ్‌లో "హెడ్‌ఫోన్ పెట్టినా కంప్యూటర్‌కు తెలియట్లేదు" అన్న కంప్లయింట్లలో కొన్నిటికి కారణం ఇదే. బిగించినవాడు ఏసీ97 జాక్ పెట్టేశాడు. సౌండ్ కొన్నిసార్లు వస్తుంది, కానీ హెడ్‌ఫోన్ పెట్టారా తీశారా అన్నది కంప్యూటర్ గుర్తించదు.

యూఎస్‌బీ 3 దగ్గర కొంచెంసేపు ఆగాలి. ఎందుకంటే ఈ పనులన్నిటిలో బోర్డును నిజంగా పాడుచేయగలిగేది ఇదే. నీలం రంగు పెద్ద జాక్, 19 పిన్నులు, మిగతా సాకెట్లలోకంటే సన్నవి, దగ్గరదగ్గరగా ఉంటాయి. వైరేమో లావు, గట్టిది, వంగదు. పెట్టేటప్పుడు కాస్త వంకరగా నొక్కితే పిన్ను వంగిపోతుంది. తీసేటప్పుడు వైరు పట్టి లాగితే బోర్డు మీది ప్లాస్టిక్ చట్రం జాక్‌తో పాటే ఊడి చేతికొస్తుంది. ఇలా ఊడిన బోర్డులు మా ల్యాబ్‌కు రిపేరుకు వచ్చాయి. ఇతను మా అమ్మాయి చేత ముందు వైరును చేత్తో నెమ్మదిగా వంపించి, అది దానంతట అదే సాకెట్ వైపు తిరిగేలా చేయించాడు. తర్వాత చట్రానికి ఉన్న గాడి, జాక్ మీది బొడిపె ఎదురెదురుగా ఉన్నాయో లేదో ఇద్దరూ వంగి చూశారు. అప్పుడే నొక్కనిచ్చాడు. "తీయాల్సి వస్తే ఒక చేత్తో బోర్డు మీది చట్రాన్ని పట్టుకోండి అక్కా, ఇంకో చేత్తో జాక్‌ను అటూఇటూ కదిపి తీయండి. వైరు పట్టి లాగొద్దు" అని చెప్పాడు. ఈ ఒక్క జాగ్రత్త ఎవరూ చెప్పకపోవడం వల్ల ఎన్ని బోర్డులు పాడయ్యాయో.

అన్నీ అయ్యాక క్యాబినెట్ మూత వేయకుండానే ఆన్ చేయించాడు. మా అమ్మాయి ముందు బటన్ నొక్కింది. పవర్ లైటు వెలిగింది. హార్డ్ డిస్క్ లైటు అప్పుడప్పుడు మెరిసింది. కొన్ని బోర్డుల్లో ఎన్‌వీఎంఈ డ్రైవ్‌కు (బోర్డు మీదే గుచ్చే ఎస్‌ఎస్‌డీకి) ఆ లైటు మెరవదు, అది తప్పు కాదు, కాబట్టి వెలగకపోతే కంగారుపడకండి. రీసెట్ నొక్కితే మళ్లీ మొదటి నుంచి ఆన్ అయింది. పెన్‌డ్రైవ్‌ను ముందు మూడు పోర్టుల్లోనూ మార్చిమార్చి పెట్టి చూపించాడు. హెడ్‌ఫోన్ పెట్టి పాట వినిపించాడు.

ఇక మార్కు ఎందుకు తగ్గించానంటే. మైక్ పరీక్షించలేదు. నేను అడిగాక చేశాడు, పనిచేసింది. కానీ అడగని కస్టమర్ ఇంటికెళ్లి ఆన్‌లైన్ క్లాసులో కూర్చున్నాక మైక్ రాకపోతే మళ్లీ సికింద్రాబాద్ దాకా రావాలి. హెడ్‌ఫోన్ పనిచేస్తే మైక్ కూడా పనిచేస్తుందన్న గ్యారంటీ లేదు, జాక్‌లో రెండిటికీ పిన్నులు వేరు.

రెండోది, అసెంబ్లింగ్ చార్జి ఎంతో ఎక్కడా రాసి లేదు. బిల్లు చేతికొచ్చాకే 500 రూపాయలని తెలిసింది. చేసిన పనికి అది ఎక్కువ కాదు, ఇంకొంచెం ఇవ్వమన్నా ఇచ్చేవాణ్ని. కానీ ముందే చెప్పడం మర్యాద. జీఎస్‌టీ బిల్లు మాత్రం అడక్కుండానే ఇచ్చారు, ఒక్కో వస్తువు సీరియల్ నంబరు రాసి. వారంటీ కోసం వెళ్లినప్పుడు అదే ఆధారం, జాగ్రత్తగా దాచుకోండి.

మూడోది, క్యాబినెట్‌తో వచ్చిన మిగిలిన స్క్రూలు, బోర్డు మాన్యువల్, ఎస్‌ఎంపీఎస్‌తో వచ్చిన అదనపు కేబుళ్లు టేబుల్ మీదే ఉండిపోయాయి. అడిగి తీసుకున్నాను. చాలామంది అడగరు. రేపు ఇంకో హార్డ్ డిస్క్ పెట్టాలంటే ఆ స్క్రూలే కావాలి. ఇంకొకటి, వెనకవైపు వైర్లు కట్టేటప్పుడు యూఎస్‌బీ 3 వైరును ట్యాగ్‌తో మరీ బిగించి కట్టాడు. అంత లావు వైరును అలా మడిచి కడితే లోపలి తీగలు దెబ్బతినొచ్చు. ఒదులు చేయమంటే వెంటనే కోసి మళ్లీ కట్టాడు, మొహం చిట్లించుకోలేదు.

షాపులో నిలబడే చోటు ఇరుకు. ఇద్దరు కస్టమర్లు వస్తే మూడోవాడు బయట కారిడార్‌లో ఉండాలి. పెద్దవాళ్లను తీసుకెళ్లేవాళ్లు ఇది దృష్టిలో పెట్టుకోండి.

ఇక్కడ కొన్నా ఇంకెక్కడ కొన్నా పనికొచ్చే రెండు విషయాలు చెబుతాను. మొదటిది, కంప్యూటర్ ఆన్ అయిన నాలుగైదు సెకన్లకే దానంతట అది ఆగిపోతుంటే వెంటనే ఎస్‌ఎంపీఎస్ మార్చించుకోకండి. పవర్ బటన్ దుమ్ముతోనో, ప్లాస్టిక్ అరిగిపోయో లోపల ఇరుక్కుపోతే బోర్డు దాన్ని మీరు బటన్ నొక్కిపట్టుకున్నట్టే అనుకుంటుంది. నాలుగు సెకన్లు నొక్కిపట్టుకుంటే బలవంతంగా ఆగిపోవడం దాని పద్ధతి. పవర్ స్విచ్ వైరు తీసేసి, స్క్రూడ్రైవర్‌తో 6, 8 పిన్నులు తాకించి ఆన్ చేయండి. ఆగకుండా నడిస్తే తప్పు బటన్‌దే. రెండోది, పవర్ బటన్ పూర్తిగా పాడైతే కొత్త క్యాబినెట్ కొనక్కర్లేదు. రీసెట్ స్విచ్ కూడా అదే రకం స్విచ్ కాబట్టి, రీసెట్ వైరును 6, 8 పిన్నులకు పెట్టేస్తే ఇక రీసెట్ బటనే పవర్ బటన్ అవుతుంది. మా ల్యాబ్‌లో అలా నడుస్తున్న సిస్టమ్‌లు ఉన్నాయి. పిల్లలకు అయోమయం లేకుండా ఆ బటన్ పక్కన మార్కర్‌తో ఆన్ అని రాసిపెట్టాను.

షాపుకు వెళ్లేవాళ్లు ఆదివారం వెళ్లకండి, సీటీసీలో చాలా షాపులు మూసి ఉంటాయి. మిగతా రోజుల్లో కూడా పొద్దున్నే, జనం పెరగకముందే వెళితే టేబుల్ దగ్గర చోటు దొరుకుతుంది. మీరే బిగించుకోవాలనుకుంటే ముందే ఆ మాట చెప్పండి. అదనంగా ఏమీ తీసుకోలేదు, ఓపిగ్గా నేర్పించారు.

ఓనర్‌కు నేను చెప్పింది ఇక్కడా రాస్తున్నాను. అసెంబ్లింగ్ చార్జి ఎంతో ఒక కాగితం మీద రాసి కౌంటర్‌కు అతికించండి. టెస్టింగ్‌లో మైక్ కూడా చేర్చండి. మిగిలిన స్క్రూలు, కేబుళ్లు ఒక కవర్‌లో వేసి క్యాబినెట్ డబ్బాలోనే పెట్టండి. ఆయన తలూపి రాసుకున్నాడు. మా కాలేజీ ల్యాబ్‌కు కొత్త సిస్టమ్‌లు తీసుకోవాల్సి ఉంది, వాటికి కొటేషన్ ఈ షాపులోనే అడిగాను. అందులో రెండు షరతులు రాయించాను: ప్రతి క్యాబినెట్‌కూ ఫ్రంట్ ప్యానెల్ జాక్‌లను టేపు చుట్టి ఒకటిగా చేసి ఇవ్వాలి, డెలివరీకి ముందు ప్రతిదానికీ ముందు పోర్టులన్నీ మైక్‌తో సహా పరీక్షించి చూపించాలి. రెండిటికీ ఒప్పుకున్నారు.